పాపకి వెయ్యి ఉంటే ప్రమాదం, అక్కకి నాలుగొందలుంటే ఫర్వాలేదా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నాకు 24 ఏళ్లు, మాది పల్నాడు జిల్లా. రెండేళ్ల కిందట మా బావ చనిపోయారు. ఆ తర్వాత అక్కకి పరీక్ష చేస్తే హెచ్‌ఐవీ పాజిటివ్ వచ్చింది. అప్పుడు పాపకి పదకొండు నెలలు, నిమ్ము చేసి ఆస్పత్రిలో ఉంది. పాపకీ ఉందని తేలింది. అప్పటి రిపోర్టులో పాప సీడీ4 1050, పక్కన 17 శాతం అని ఉంది. "బాగా పడిపోయింది, వెంటనే మందులు మొదలుపెట్టాలి" అన్నారు. అక్కకి 210 ఉంది. ఏడాదిన్నర నుంచి ఇద్దరూ హెచ్‌ఐవీని అణిచే ఏఆర్‌టీ మందులు వాడుతున్నారు. ఇప్పుడు పాపకి 2100, 33 శాతం. అక్కకి 390. అక్కకి ఫర్వాలేదంటున్నారు. పాపకి వెయ్యి ఉన్నప్పుడు అంత కంగారు పడ్డవాళ్లు, అక్కకి నాలుగొందలు కూడా లేకపోతే ఫర్వాలేదనడం ఏంటో నాకు అర్థం కాలేదు. ఇద్దరి ఒంట్లో ఉన్నది ఒకటే వైరస్ కదా? తన మందు పనిచేయట్లేదేమోనని అక్క దిగులు పెట్టుకుంది. రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్షలో మాత్రం ఇద్దరికీ వైరస్ కనపడలేదని వచ్చింది. అది విని మా పెదనాన్న, "లేదన్నాక పసిదానికి మందులెందుకు, లివర్ పాడైపోతుంది, ఆపేసి ఇమ్యూనిటీ పెంచే చూర్ణం వాడండి" అంటున్నారు. పాపకి వేయించిన టీకాలు పనిచేస్తాయా అన్నది ఇంకో అనుమానం. "నా పాల వల్లే దానికి వచ్చింది" అని అక్క రోజూ ఏడుస్తుంది. ఏం చెప్పాలో తెలియట్లేదు. (పేరు వద్దు)

సమాధానం: తమ్ముడూ, అన్నిటికంటే ముందు ఒక్క మాట. పాప మందు ఒక్క రోజు కూడా ఆపొద్దు. పెదనాన్న గారికి కోపం వచ్చినా సరే. ఎందుకో కింద వివరంగా రాస్తాను.

మీ మొదటి ప్రశ్న చాలామంది మనసులో ఉండేదే. రిపోర్టు మీద అంకె ఉంటుంది తప్ప, ఆ అంకె ఏ వయసుకి ఎంత ఉండాలో అక్కడ విడమరిచి ఉండదు. సీడీ4 కణాలంటే రక్తంలోని తెల్ల కణాల్లో ఒక రకం. ఒంట్లోకి ఏ క్రిమి వచ్చినా మిగతా కణాలను పనిలోకి దించేవి ఇవే. యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలు, వైరస్ పట్టిన కణాలను చంపే సీడీ8 కణాలు, క్రిములను మింగేసే మాక్రోఫేజ్‌లు, ఇవన్నీ సీడీ4 నుంచి సంకేతం అందితేనే పూర్తి బలంతో పనిచేస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో ఒక క్యూబిక్ మిల్లీమీటరు రక్తంలో ఇవి సుమారు 500 నుంచి 1500 దాకా ఉంటాయి. పసిబిడ్డల లెక్క వేరు. మొదటి ఏడాదిలో ఏ జబ్బూ లేని బిడ్డకే దాదాపు మూడు వేల దాకా ఉంటాయి. తర్వాత ఏటా తగ్గుతూ, ఐదారేళ్లు నిండేసరికి పెద్దవాళ్ల స్థాయికి వస్తాయి. ఇది జబ్బు వల్ల తగ్గడం కాదు, ఎదుగుదలలో భాగం.

ఇప్పుడు మీ పాప రిపోర్టు మళ్లీ చూడండి. పదకొండు నెలలప్పుడు మూడు వేల దగ్గర ఉండాల్సినవి 1050 ఉన్నాయి. అంటే మూడింట రెండు వంతులు పోయినట్టు. పక్కనున్న 17 శాతం ఇంకా స్పష్టంగా చెప్తుంది. లింఫోసైట్లనే తెల్ల కణాల్లో నూటికి ఎన్ని సీడీ4 అన్నది ఆ శాతం. చిన్నపిల్లల్లో అంకె వయసుతో మారిపోతూ ఉంటుంది, శాతం అంతగా మారదు. అందుకే ఐదేళ్ల లోపు పిల్లలకు శాతాన్నే ఎక్కువ నమ్ముతాం. ఏడాది లోపు బిడ్డకు 25 శాతం కంటే తగ్గినా, ఏడాది నుంచి మూడేళ్ల లోపు 20 కంటే తగ్గినా, మూడు నుంచి ఐదేళ్ల లోపు 15 కంటే తగ్గినా రోగనిరోధక వ్యవస్థ తీవ్రంగా దెబ్బతిన్నట్టు లెక్క. మీ పాప ఆ గీతకు చాలా కిందే ఉంది. డాక్టర్లు కంగారు పడ్డారంటే పడాల్సిందే. ఇవాళ రెండున్నరేళ్ల వయసులో 33 శాతం ఉందంటే అది మామూలు పిల్లల స్థాయి. ఆ కాగితాన్ని అక్కకి చూపించి ఇదంతా వివరంగా చెప్పండి.

ఒకటే వైరస్ కదా అన్నారు. నిజమే. అది చేసే పనీ ఒకటే. దిగే చోటే వేరు.

హెచ్‌ఐవీ ముందుగా కణం పైనున్న సీడీ4 అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. ఆ కణాలకు ఆ పేరు వచ్చింది ఈ ప్రోటీన్ వల్లే. తర్వాత పక్కనుండే సీసీఆర్5 అనే ఇంకో ప్రోటీన్ ఆసరాతో లోపలికి దిగుతుంది. కొన్నిసార్లు ఆ ఆసరా సీఎక్స్‌సీఆర్4 అవుతుంది. లోపలికి వెళ్లాక తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చుకుని, మన కణం జన్యువుల మధ్య అతికించుకుంటుంది. అక్కడి నుంచి ఆ కణం మన కోసం కాక వైరస్ కోసం పనిచేస్తుంది. చాలామంది, వైరస్ పట్టిన కణాలే చచ్చిపోతాయనుకుంటారు. నిజానికి లింఫ్ గ్రంథుల్లో చచ్చిపోయే సీడీ4 కణాల్లో అత్యధిక భాగం వైరస్ పూర్తిగా స్థిరపడినవి కావు. వైరస్ లోపలికి వచ్చి సగం పనిలో ఆగిపోతుంది. కణం ఆ జాడ పసిగట్టి, వాపు పుట్టించే రసాయనాలు చిమ్ముతూ పగిలిపోతుంది. ఆ రసాయనాల కోసం ఇంకొన్ని కణాలు అక్కడికి వచ్చి చేరతాయి. అవీ అదే దారి పడతాయి. కొందరికి మెడలో, చంకల్లో, గజ్జల్లో బిళ్లలు కడతాయి చూడండి, ఆ గ్రంథుల్లో జరుగుతున్న గొడవ ఇదే.

రక్తపరీక్షలో కనపడని నష్టం ఇంకోటుంది. మన సీడీ4 కణాల్లో పెద్ద భాగం పేగు గోడల్లో ఉంటుంది. వాటికి సీసీఆర్5 ఎక్కువ. వైరస్ వచ్చిన మొదటి కొన్ని వారాల్లోనే అక్కడి కణాలు భారీగా ఖాళీ అవుతాయి. రక్తంలో అంకె ఇంకా బాగానే ఉన్నట్టు కనిపించే రోజులవి. పేగు గోడ కాపలా తగ్గాక లోపలుండాల్సిన బ్యాక్టీరియా ముక్కలు రక్తంలోకి కారుతూ ఉంటాయి. వాటిని చూసి మొత్తం రోగనిరోధక వ్యవస్థ రోజంతా, ఏడాది పొడుగునా రెచ్చిపోయి ఉంటుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చూర్ణం విషయంలో మళ్లీ చెప్తాను.

సీడీ4 కణాలు తగ్గడంతో ఆగదు, మిగిలిన కణాల పనితీరు కూడా చెడిపోతుంది. బీ కణాలు అదుపు లేకుండా యాంటీబాడీలు తయారుచేస్తూ పోతాయి. రక్తంలో మొత్తం యాంటీబాడీలు మామూలు కంటే ఎక్కువే ఉంటాయి, కానీ ఫలానా క్రిమిని గురిచూసి కొట్టేవి తక్కువ. సీడీ8 కణాలు ఏళ్ల తరబడి ఒకే శత్రువుతో పోరాడి అలసిపోతాయి. లెక్కకు ఉంటాయి, కొట్టే బలం ఉండదు. వైరస్ పట్టిన కణాలను సహజంగానే చంపే ఎన్‌కే కణాల పనీ మందగిస్తుంది.

ఇదంతా అక్కలోనూ జరిగింది, పాపలోనూ జరిగింది. అయితే మీ అక్క ఒంట్లోకి వైరస్ వచ్చేసరికి ఆమె రోగనిరోధక వ్యవస్థ ఇరవై ఏళ్లకు పైగా పనిచేసి ఆరితేరి ఉంది. చిన్నప్పుడు వచ్చిన జలుబులు, విరేచనాలు, వేయించిన టీకాలు, ఆటలమ్మ పోసి ఉంటే అదీ, ప్రతిదాన్నీ గుర్తుపెట్టుకున్న కణాలు ఆమెలో ఉన్నాయి. వైరస్ వాటిని కొద్దికొద్దిగా తింటూ వస్తుంది. పెద్దవాళ్లలో మొదటి కొన్ని వారాలు వైరస్ విపరీతంగా పెరుగుతుంది, తర్వాత సీడీ8 కణాలు కలగజేసుకుని కొన్ని నెలల్లో దాన్ని ఒక స్థాయికి దించుతాయి. మందులు లేకపోయినా ఎయిడ్స్ దశకు రావడానికి చాలామందికి ఎనిమిది, పదేళ్లు పట్టేది అందుకే. అక్కకి ఎప్పుడు వచ్చిందో తెలియకపోవడానికీ ఇదే కారణం. ఆ ఏళ్లలో బయటికి ఏమీ కనపడదు.

పసిబిడ్డకు ఆ జ్ఞాపకాలు లేవు. ఎదిగిన చేనుకు పురుగు పడితే దిగుబడి తగ్గుతుంది, నారుమడికి పడితే నాటడానికే మొక్క మిగలదు. పాప విషయంలో జరిగింది ఈ రెండోది. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ రోగనిరోధక వ్యవస్థ తల్లి కణాలతో గొడవ పెట్టుకోకుండా ఓర్చుకుపోయేలా తయారవుతుంది. పుట్టాక కొన్ని నెలల దాకా ఆ స్వభావం పూర్తిగా పోదు. సీడీ8 కణాలకు వైరస్‌ను గట్టిగా కొట్టడం ఇంకా రాదు. దీనికి తోడు ఇంకో కష్టం ఉంది. బిడ్డకు తల్లి జన్యువుల్లో సగం వస్తాయి. ఏ కణానికి వైరస్ పట్టిందో గుర్తుపట్టడానికి సాయపడే హెచ్ఎల్ఏ జన్యువులూ అందులో ఉంటాయి. తల్లి ఒంట్లో ఉన్నన్నాళ్లూ ఆమె కణాల నుంచి తప్పించుకోవడం నేర్చుకున్న వైరసే బిడ్డకు వస్తుంది. అంటే బిడ్డ కణాలు వేసే ఎత్తుల్లో సగం దానికి ముందే తెలుసు. అందుకే పసివాళ్లలో వైరస్ మొదటి రెండు నెలల్లోనే లక్షల్లోకి, ఒక్కోసారి పది లక్షలు దాటి పోతుంది. పెద్దవాళ్లలోలా కొన్ని నెలల్లో దిగిరాదు, దిగడానికి ఏళ్లు పడుతుంది.

ఫలితం మీరు కళ్లారా చూశారు. పెద్దవాళ్లలో సీడీ4 బాగా పడిపోయాక టీబీ, సర్పి, నోట్లో తెల్లపూత లాంటివి వస్తాయి. పసివాళ్లకు అంకె ఇంకా వెయ్యి ఉండగానే మాటిమాటికీ నిమ్ము, చెవిలో చీము, తగ్గని విరేచనాలు మొదలవుతాయి. బరువు పెరగడం ఆగిపోతుంది. మూడు నుంచి ఆరు నెలల వయసులో న్యుమోసిస్టిస్ అనే ఫంగస్ వల్ల వచ్చే నిమ్ము చాలా ప్రమాదకరం. కోట్రైమాక్సజోల్ సిరప్ లేదా మాత్ర పాపకి ఇచ్చేది దాన్ని ఆపడానికే, ఏఆర్‌టీ సెంటర్ వాళ్లు చెప్పేదాకా దాన్నీ ఆపొద్దు. వైరస్ మెదడులోని రక్షక కణాలను కూడా పట్టుకుంటుంది. ఎదుగుతున్న మెదడు కాబట్టి కూర్చోవడం, నడవడం, మాటలు ఆలస్యం కావచ్చు. మీ పాప ఈ వయసు పిల్లల్లా రెండు మూడు మాటలు కలిపి మాట్లాడుతోందా, మెట్లెక్కుతోందా అన్నది వచ్చేసారి సెంటర్‌లో తప్పకుండా చెప్పండి.

మందులు లేని రోజుల్లో ఆఫ్రికాలో చేసిన అధ్యయనాలు కలిపి చూస్తే, హెచ్‌ఐవీతో పుట్టిన పిల్లల్లో మూడో వంతు మంది ఏడాది లోపు, సగం మంది రెండేళ్ల లోపు చనిపోయారు. దక్షిణాఫ్రికాలో ఆరు నుంచి పన్నెండు వారాల పసివాళ్ల మీద జరిగిన ఒక పరిశోధన ఫలితాలు 2008లో వచ్చాయి. సీడీ4 పడిపోయేదాకా ఆగకుండా వెంటనే మందులు మొదలుపెట్టిన పిల్లల్లో మరణాలు 76 శాతం తగ్గాయి. ఆ పిల్లల సీడీ4 మొదట్లో బాగానే ఉంది, గమనించండి. అంకె బాగుందని ఆగిన పిల్లలే ఎక్కువమంది పోయారు. అప్పటి నుంచి పసిబిడ్డకు పాజిటివ్ అని తేలితే అంకె కోసం ఎదురుచూడటం మానేశారు. ఇప్పుడు ఐదేళ్ల లోపు పిల్లలకు కొత్తగా తేలితే, సీడీ4 ఎంత ఉన్నా జబ్బు ముదిరినట్టుగానే భావించి చికిత్స చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మన దేశంలో 2017 నుంచి అంకెతో పని లేకుండా పెద్దలకూ పిల్లలకూ అందరికీ మందులిస్తున్నారు.

ఇక అక్క దిగులు. పాప అంకె ఏడాదిన్నరలో రెట్టింపైంది, అక్కది 210 నుంచి 390కి వచ్చింది. ఈ తేడాకు మూలం గుండె పైభాగంలో, ఛాతీ ఎముక వెనకాల ఉండే థైమస్ గ్రంథి. సీడీ4, సీడీ8 కణాలు రెండూ టీ కణాలనే రకానికి చెందినవి, కొత్త టీ కణాలు తయారై బయటికొచ్చేది అక్కడి నుంచే. పసితనంలో ఇది పెద్దగా, చురుగ్గా ఉంటుంది. యవ్వనం నుంచి కుంచించుకుపోతూ కొవ్వుతో నిండిపోతుంది. పాపలో వైరస్‌ను మందు అణచగానే థైమస్ కొత్త కణాలను గుట్టలుగా పంపింది. అక్కలో ఉన్న కణాలే పెరిగి సంఖ్యను నింపుకోవాలి, కొత్తవి నెమ్మదిగా వస్తాయి. పెద్దవాళ్లలో మొదటి ఏడాది 50 నుంచి 150 దాకా, తర్వాత ఏటా ఇంకొంచెం పెరగడం మామూలు. ఆ లెక్కన 180 పెరిగిన మీ అక్క మందు చక్కగా పనిచేస్తోంది. 200 లోపు ఉంటే పెద్దవాళ్లలో ప్రమాదం ఎక్కువ, ఆమె ఆ గీత దాటి చాలా పైకి వచ్చింది.

ఇంకో మాట. సీడీ4 రోజంతా ఒకేలా ఉండదు. ఉదయానికీ సాయంత్రానికీ మారుతుంది, జలుబు చేస్తే తగ్గుతుంది, ల్యాబ్‌ని బట్టి కూడా తేడా వస్తుంది. వచ్చేసారి 390 కాస్తా 360 అయిందని అక్క అన్నం మానేయకూడదు. మందు పనిచేస్తోందా లేదా అన్నది చెప్పాల్సింది వైరల్ లోడ్. అది బాగున్నంత కాలం సీడీ4లో చిన్న చిన్న తేడాలను పట్టించుకోనక్కర్లేదని నా అభిప్రాయం. కొంతమందిలో వైరస్ పూర్తిగా అణిగినా సీడీ4 ఐదొందలు దాటదు, ముఖ్యంగా మందులు ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లలో. వాళ్లు టీబీ విషయంలో కాస్త ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి, అంతే. ఇంట్లో ఎవరికైనా రెండు వారాలకు మించి దగ్గు ఉంటే గళ్ల పరీక్ష చేయించండి. అక్కకీ పాపకీ అయితే రెండు వారాలు ఆగొద్దు. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, ఏది కనపడినా వెంటనే చూపించండి.

ఇప్పుడు పెదనాన్న గారి మాట. వైరస్ కనపడలేదంటే రక్తంలో పరీక్షకు అందేంత లేదని అర్థం, ఒంట్లో లేదని కాదు. కణం జన్యువుల మధ్య అతుక్కుంటుందని పైన రాశాను కదా. అలా వైరస్ అతుక్కున్న కొన్ని జ్ఞాపక కణాలు ఏ పనీ చేయకుండా నిద్రపోతూ ఉంటాయి. పనిచేయని కణం వైరస్‌ను తయారుచేయదు, అందుకే మందుకీ దొరకదు, రోగనిరోధక వ్యవస్థకీ కనపడదు. ఈ కణాల సంఖ్య సగం కావడానికే సుమారు 44 నెలలు పడుతుందని తేలింది. ఆ వేగంతో పూర్తిగా పోవాలంటే డెబ్బై ఏళ్లు దాటుతుంది.

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో 2010లో ఒక పాప హెచ్‌ఐవీతో పుట్టింది. పుట్టిన 30 గంటలకే మందులు మొదలుపెట్టారు. ఏడాదిన్నర వయసప్పుడు కుటుంబం పాపను ఆస్పత్రికి తీసుకురావడం మానేసింది, మందులూ ఆగాయి. కొన్ని నెలల తర్వాత తీసుకొచ్చి పరీక్ష చేస్తే వైరస్ లేదు. 2013లో ఆ వార్త ప్రపంచమంతా పాకింది, జబ్బు నయమైపోయిందన్నారు. మందు లేకుండా 27 నెలలు వైరస్ కనపడలేదు. 2014 జూలైలో పరీక్ష చేస్తే రక్తంలో మళ్లీ వైరస్ ఉంది, సీడీ4 తగ్గింది. పాపకి మళ్లీ మందులు మొదలుపెట్టారు. పుట్టిన రెండో రోజే మందులు అందుకున్న బిడ్డ పరిస్థితి అది. మీ పాప మొదలుపెట్టింది పదకొండు నెలలకి. ఆపితే నెలలు కూడా కాదు, చాలామందిలో కొన్ని వారాల్లోనే వైరస్ తిరిగొస్తుంది. ఆపుతూ మళ్లీ వేస్తూ ఉంటే ఆ మందుకు లొంగని రకం తయారయ్యే ప్రమాదం కూడా ఉంది. పిల్లలకు మందుల రకాలు పెద్దవాళ్లకున్నన్ని లేవు. ఉన్న మంచి మందును చేజేతులా పోగొట్టుకోవద్దు. ఏ మందులూ లేకుండానే ఏళ్ల తరబడి ఆరోగ్యంగా ఉండే పిల్లలు కొద్దిమంది ఉంటారన్నది నిజమే. కానీ ఏ బిడ్డ అలాంటిదో మొదటి రెండేళ్లలో చెప్పే పరీక్ష లేదు. తెలుసుకుందామని ఆగితే బిడ్డే పోతుంది.

లివర్ భయం గురించి. ఈ వయసు పిల్లలకు ఎక్కువగా ఇచ్చేవి అబాకవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్. సెంటర్‌లో అవసరమైనప్పుడు రక్తపరీక్షలతో లివర్‌ను చూస్తారు. కళ్లు పచ్చబడటం, వాంతులు ఆగకపోవడం లాంటివి కనపడితే తీసుకెళ్లండి. అవేమీ లేనప్పుడు ముందుగానే భయపడి మందు ఆపడం మటుకు తప్పు.

చూర్ణం గురించి నా అభిప్రాయం సూటిగానే చెప్తాను. ఇమ్యూనిటీ పెంచడం అన్న మాటే ఇక్కడ పొరపాటు. హెచ్‌ఐవీలో రోగనిరోధక వ్యవస్థ నిద్రపోవట్లేదు, రాత్రీ పగలూ రెచ్చిపోయి ఉంది. రెచ్చిన సీడీ4 కణంలోనే వైరస్ బాగా పెరుగుతుంది. దాన్ని చల్లార్చేది వైరస్‌ను అణిచే మందు ఒక్కటే. పైగా ఆ పొట్లంలో ఏముందో మనకు తెలియదు. కాల్షియం, ఐరన్, మెగ్నీషియం ఉన్నవి డోలుటెగ్రావిర్‌తో కలిసి పేగులో అతుక్కుపోతాయి, మందు రక్తంలోకి సరిగ్గా వెళ్లదు. రక్తం తక్కువగా ఉందని పాపకి ఐరన్ చుక్కలు ఇస్తున్నారేమో చూడండి. అక్క కాల్షియం మాత్రలు, గ్యాస్ మందు వేసుకుంటుందేమో అడగండి. ఏఆర్‌టీ మాత్ర వేసుకున్నాక రెండు గంటలు ఆగి వాటిని వేసుకోవచ్చు. లేదా అవి వేసుకున్న ఆరు గంటల తర్వాత ఏఆర్‌టీ వేసుకోవాలి. పెదనాన్న గారికి పాప మీద ప్రేమ ఉంది కాబట్టే ఆ మాట అన్నారు. ఆయన్ని దులిపేయకుండా, గుడ్డు, పప్పు, పాలు, పళ్లు తెచ్చి పెట్టే పని ఆయనకి అప్పగించండి. పాప ఎదుగుదలకు కావాల్సింది అదే.

టీకాల సంగతి మీరు బాగా అడిగారు, చాలామంది అడగరు. పాపకి మొదటి నెలల్లో వేసిన టీకాలు, తొమ్మిది నెలలకి వేసిన తట్టు టీకా, వైరస్ విచ్చలవిడిగా ఉన్నప్పుడు పడ్డాయి. టీకా పాఠాన్ని గుర్తుపెట్టుకోవాల్సింది జ్ఞాపక బీ కణాలు, వాటికి తోడుండే సీడీ4 కణాలు. ఆ రెండూ అప్పుడు దెబ్బతిని ఉన్నాయి. కాబట్టి కొన్ని టీకాలు సరిగ్గా పట్టి ఉండకపోవచ్చు. మొదటి ఏడాదిలోనే మందులు మొదలైన పిల్లల్లో ఈ జ్ఞాపక కణాలు చాలావరకు నిలబడతాయి, ఆలస్యమైనవాళ్లలో ఆ నష్టం తర్వాత కూడా పూర్తిగా తీరదు. మీ పాప ఏడాది నిండకముందే మొదలుపెట్టింది, అది అదృష్టం. ఇప్పుడు థైమస్ పంపిన కొత్త కణాలు బోలెడు ఉన్నాయి, కానీ వాటికి ఏ క్రిమీ పరిచయం లేదు. అందుకే సీడీ4 కోలుకున్నాక తట్టు టీకా మళ్లీ ఒక డోసు వేయిస్తారు. హెపటైటిస్ బీ టీకా పట్టిందో లేదో రక్తపరీక్షలో చూడొచ్చు, పట్టకపోతే మళ్లీ వేస్తారు. నిమ్ము రాకుండా వేసే న్యూమోకోకల్ టీకా డోసులన్నీ పడ్డాయో లేదో కార్డులో చూడండి. తట్టు టీకాలో బతికున్న, బలం తగ్గించిన వైరస్ ఉంటుంది. సీడీ4 బాగా పడిపోయిన పిల్లలకు అలాంటివి వేయకూడదు, 33 శాతం ఉన్న పాపకి అడ్డు లేదు. అయినా పాప రిపోర్టు చూసిన డాక్టరే నిర్ణయించాలి.

అక్క ఏడుపు గురించి. హెచ్‌ఐవీ తల్లి నుంచి బిడ్డకు కడుపులో ఉన్నప్పుడు, కాన్పులో, పాల ద్వారా, ఈ మూడు దారుల్లోనూ రావచ్చు. మీ పాపకి ఏ దారిన వచ్చిందో ఇప్పుడు ఏ పరీక్షా చెప్పలేదు. తల్లి మందులు వాడకపోతే నూటికి 15 నుంచి 45 మంది బిడ్డలకు వస్తుంది, వాడితే ఐదుగురి లోపే. తనకి ఉందని తెలిసి ఉంటే అక్క ఆ మందులు వేసుకునేది కదా. తెలియని విషయానికి ఆమెను ఆమే శిక్షించుకుంటోంది. పాపకి పాలివ్వడం ఆమె చేసిన తప్పు కాదని మీ నోటితో గట్టిగా చెప్పండి, ఒక్కసారి చెప్తే సరిపోదు. సెంటర్‌లో కౌన్సెలర్ దగ్గర ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడనివ్వండి. రాత్రిపూట మరీ కుంగిపోతే 1097కి ఫోన్ చేయొచ్చు, డబ్బులేమీ పడవు. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం వారాల తరబడి ఉంటే డాక్టరుకు చెప్పాలి. దిగులుతో ఉన్నవాళ్లే మాత్రలు మర్చిపోతారు, ఇక్కడ ఆమె మర్చిపోతే పాపదీ తప్పుతుంది.

పాపకి మందు ఇచ్చేటప్పుడు మీరు పక్కనుండి ఒకసారి చూడండి. నీళ్లలో కరిగే మాత్రను చిన్న గిన్నెలో రెండు చెంచాల మంచినీళ్లలో వేసి పూర్తిగా కరిగాక అరగంట లోపు తాగించాలి. గిన్నె అడుగున తెల్లగా మిగిలిపోతుంది, అదీ మందే. కాసిని నీళ్లు పోసి కలిపి దాన్ని కూడా తాగించాలి. తాగిన అరగంట లోపు కక్కేస్తే మళ్లీ ఇవ్వాలి. ఈ వయసు పిల్లలు త్వరగా పెరుగుతారు, బరువుతో పాటు డోసు మారాలి. ఏడాది కిందటి డోసే ఇంకా నడుస్తుంటే మందు చాలక వైరస్ లేచే అవకాశం ఉంది. వెళ్లిన ప్రతిసారీ పాపను తూకం వేయించి, ఆ బరువు పుస్తకంలో రాయించి, డోసు సరిపోతోందా అని అడగండి. ఈసారి వెళ్లేటప్పుడు టీకా కార్డు, పాత రిపోర్టులు, ఇంట్లో మిగిలిన మాత్రలతో సహా సీసా తీసుకెళ్లండి. మిగిలిన మాత్రలు లెక్కపెడితే ఎన్ని రోజులు తప్పాయో తెలిసిపోతుంది. వీలైతే పెదనాన్న గారిని కూడా వెంటబెట్టుకెళ్లండి. ఆయన అనుమానాలు ఆయన నోటితోనే డాక్టరును అడగనివ్వండి.